నొప్పి వచ్చేదాకా ఆగకండి: బెంగళూరులో పిప్పిపన్నుకి ఫిల్లింగ్ చేయించుకునేవాళ్ళకి సమగ్ర మార్గదర్శి

పన్ను పిప్పి పట్టడం మొదలైన రోజుకీ, అది నొప్పి పెట్టే రోజుకీ మధ్య నెలలు గడుస్తాయి. చాలామందికి ఏళ్ళే గడుస్తాయి. చిన్న ఫిల్లింగుతో సరిపోతుందా, రూట్ కెనాలూ (పంటి లోపలి నరం తీసి, శుభ్రం చేసి నింపడం) దాని మీద క్యాపూ (తొడుగు) దాకా వెళ్తుందా అన్నది ఆ మధ్యకాలంలోనే తేలిపోతుంది. మారతహళ్ళి, కె.ఆర్.పురం, బీటీఎం పీజీల్లో ఉండే మన పిల్లలు గానీ, వాళ్ళ దగ్గరికి ఊరినుంచి వచ్చి నెలా రెండు నెలలు ఉండే అమ్మానాన్నలు గానీ డెంటిస్టు దగ్గరికి బయల్దేరేది రాత్రి నిద్ర పట్టనప్పుడే. ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను కాబట్టి ఎందరికో తోడుగా క్లినిక్కుల్లో కూర్చున్నాను. ఎవరి పన్ను ఎందుకు నిలబడిందో, ఎవరిది ఎందుకు పోయిందో దగ్గర్నుంచి చూశాను. నొప్పి రాకముందే వెళ్ళండి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

1. పిప్పి ఎలా పడుతుందో ముందు తెలుసుకోండి

పన్నులో పురుగు ఉండదు. గింజల పొగ పట్టించి, పళ్ళెంలో తెల్లగా ఏవో రాలగానే "ఇదిగో పురుగు" అని చూపించేవాళ్ళు పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళని నమ్ముకుని కాలం గడిపిన మా దూరపు బంధువు ఒకాయనకి చివరికి రెండు దవడ పళ్ళు తీసేయాల్సి వచ్చింది.

నిజంగా జరిగేది వేరు. నోట్లో ఎప్పుడూ ఉండే బాక్టీరియా, ముఖ్యంగా స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే రకం, మనం తిన్న చక్కెరని ఆమ్లంగా మారుస్తుంది. పంటి మీది పాచిలో పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే అంకె) సుమారు 5.5 కంటే కిందికి దిగితే, పైపొర అయిన ఎనామెల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటికి రావడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని మెల్లగా విరిచేసి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. అందుకు దానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది.

అందుకే పంటి విషయంలో ఎంత తీపి తిన్నామన్నదానికంటే రోజులో ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. భోజనంతో పాటు ఒక మైసూర్‌పాకు తిని ఊరుకున్నవాళ్ళకంటే, పదింటికి కాఫీ, పదకొండున్నరకి బిస్కెట్టు, మూడింటికి మళ్ళీ బై టూ కాఫీ, సాయంత్రం అయ్యంగార్ బేకరీలో దిల్‌పసంద్ తినేవాళ్ళ పళ్ళు త్వరగా పాడవుతాయి. లాలాజలానికి తేరుకునే వ్యవధి దొరకదు మరి. డెస్కు మీద కప్పు పెట్టుకుని తీపి టీని గంటసేపు గుక్క గుక్కగా తాగే అలవాటు ఉంటే ముందు దాన్ని మానండి. తాగేది ఒక్కసారే తాగేసి, నీళ్ళతో నోరు పుక్కిలించండి.

ఎనామెల్‌లో నరాలు లేవు. పిప్పి అక్కడున్నంత కాలం మీకేమీ తెలియదు. దాని కింద ఉండే డెంటిన్ అంత గట్టిది కాదు, సన్నటి గొట్టాలతో నిండి ఉంటుంది. అక్కడికి చేరాక పిప్పి తొందరగా పాకుతుంది, చల్లటివీ తియ్యటివీ తగిలితే జివ్వుమంటుంది. అదీ దాటితే మనం నరం అని పిలిచే పల్ప్.

2. మీ నొప్పి ఏ దశదో పోల్చుకోండి

డాక్టరు చూసేదాకా ఖాయంగా చెప్పలేం గానీ, ఎంత తొందరపడాలో తెలుసుకోవడానికి ఈ గుర్తులు పనికొస్తాయి.

చల్లటి నీళ్ళు తగలగానే జివ్వుమని, రెండు మూడు క్షణాల్లో తగ్గిపోతే నరం ఇంకా బాగానే ఉండే అవకాశం ఎక్కువ. ఫిల్లింగుతో బయటపడే దశ ఇదే. అయితే చిగురు కిందికి జారి వేరు బయటపడినా, గట్టిగా తోమి పంటి మెడ దగ్గర అరిగినా ఇలాగే ఉంటుంది. సెన్సిటివ్ పేస్టు కొనుక్కుని నెలలు నెట్టేయకుండా, జివ్వుమంటున్నది పిప్పి వల్లా అరుగుదల వల్లా అన్నది చూపించుకుని తేల్చుకోండి.

వేడివేడి సాంబారు తగిలితే పట్టుకుని నిమిషాల తరబడి వదలకపోయినా, పడుకోగానే మొదలై చెవిదాకా కణతదాకా లాగినా, ఏ పన్నో చెప్పలేనంతగా సలుపుతున్నా పల్ప్ బాగా వాచిపోయినట్టే. ఇక్కడ చాలావరకు రూట్ కెనాలే దారి. కొరికినప్పుడు మాత్రమే చురుక్కుమంటే పన్ను చీలి ఉండొచ్చు, వేరు కొసన చీము పట్టి ఉండొచ్చు.

అన్నిటికంటే మోసం చేసేది ఉన్నట్టుండి ఆగిపోయిన నొప్పి. మాతో పనిచేసే కడప అబ్బాయి ఒకడు వారం రోజులు నిద్రలేకుండా గడిపాడు. శనివారం అపాయింట్‌మెంటు అనగా గురువారం నొప్పి మాయమైంది. ఇంకేం, క్యాన్సిల్ చేసుకున్నాడు. సంక్రాంతికి ఊరెళ్ళే బస్సులో దవడ వాచిపోయింది. నొప్పి తగ్గడానికి కారణం పన్ను బాగుపడటం కాదు, లోపల నరం చచ్చిపోవడం. ఇన్ఫెక్షన్ మాత్రం ఎముకలోకి నడుస్తూనే ఉంది.

డాక్టరు దొరికేదాకా రాత్రి గడవాలంటే మీకు పడే నొప్పి మాత్ర, పారాసిటమాల్ లాంటిది, మోతాదు మించకుండా వేసుకోవచ్చు. కిడ్నీ, అల్సర్ సమస్యలున్నవాళ్ళు ఐబూప్రోఫెన్ సొంతంగా వేసుకోకూడదు. ఆస్పిరిన్ బిళ్ళని చిగురు మీద పెట్టుకుంటే చిగురు కాలిపోతుంది. లవంగ నూనె కూడా దూదితో ఒక చుక్క దాటితే అంతే. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకోవడం ఇంకో పొరపాటు. పంటి లోపలి వాపు దానితో తగ్గదు.

3. ఎక్కడికి వెళ్ళాలి

డబ్బు గురించి ఆలోచించాల్సిన వాళ్ళకి కోట ప్రాంతంలో విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. గ్రీన్ లైన్ మెట్రోలో కె.ఆర్.మార్కెట్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళొచ్చు. ప్రైవేటు కాలేజీల్లోనూ బయటి క్లినిక్కులకంటే ఖర్చు తక్కువ. వి.వి.పురంలో వి.ఎస్. డెంటల్ కాలేజీ, బొమ్మనహళ్ళిలో ఆక్స్‌ఫర్డ్, వైట్‌ఫీల్డ్‌లో వైదేహి ఉన్నాయి. కాలేజీల్లో విద్యార్థులు చేస్తారని చాలామంది జంకుతారు. వాళ్ళు ఒక్కో దశా ప్రొఫెసరుకి చూపించి, సరే అన్నాకే ముందుకి వెళ్తారు. నిదానంగా చేస్తారు కాబట్టి ఒక పూట సెలవు పెట్టుకోండి. ఉదయమే వెళ్తే ఓపీ చీటీ, ఎక్స్‌రే, ఫిల్లింగ్ ఒకే రోజులో అయిపోయే వీలుంటుంది.

క్లినిక్కుకి వెళ్తే డాక్టరు పేరు కింద బీడీఎస్ (దంత వైద్య డిగ్రీ) లేదా ఎండీఎస్ (దాని మీది పీజీ), స్టేట్ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. మామూలు ఫిల్లింగుకి బీడీఎస్ చాలు. లోతైన పిప్పికీ, రూట్ కెనాల్‌కీ ఎండోడాంటిక్స్‌లో, అంటే పంటి నరానికి చేసే వైద్యంలో, ఎండీఎస్ చేసినవాళ్ళయితే మంచిది. నేను తోడెళ్ళిన క్లినిక్కుల్లో పంటి రంగు ఫిల్లింగుకి ఒక్కో పన్నుకి 1,000 నుంచి 2,500 రూపాయల మధ్య అడిగారు. రూట్ కెనాలూ క్యాపూ కలిస్తే దానికి ఎన్నో రెట్లు అవుతుంది. ఆఫీసు ఇన్సూరెన్సు సాధారణంగా ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది కాబట్టి ఓపీలో పంటి ఖర్చులకి వర్తిస్తుందో లేదో ముందే హెచ్ఆర్‌ని అడగండి.

ఆఫీసు క్యాఫెటేరియాలో పెట్టే ఉచిత దంత పరీక్షల గురించి ఒక మాట. చూపించుకోవడంలో తప్పు లేదు. కానీ టార్చి వేసి అర నిమిషం చూసి "ఆరు పళ్ళు పిప్పి పట్టాయి, ఈ వారమే డిస్కౌంటు" అంటే అక్కడే డబ్బు కట్టకండి. మా ఆఫీసులో ఒకమ్మాయికి ఇలాగే జరిగింది. ఆ అమ్మాయి ఎక్స్‌రే తీయించుకుని మరో డాక్టరుకి చూపిస్తే నిజంగా ఫిల్లింగ్ కావాల్సినవి రెండే తేలాయి. మిగతావి కాఫీ మరకలు పట్టిన గీతలు.

4. డ్రిల్ పట్టుకోకముందే అడగండి

దవడ పళ్ళ మీది గీతల్లో నల్లగా కనిపించినదంతా పిప్పి కాదు. గట్టిగా ఉండి, గుంట పడకపోతే దాన్ని కదపకుండా గమనిస్తూ ఉండొచ్చు. సుద్దలా తెల్లబడ్డ మచ్చ పిప్పికి తొలి రూపం. ఎనామెల్ విరగనంత వరకు ఫ్లోరైడ్‌తో, తిండి అలవాట్లు మార్చుకోవడంతో దాన్ని ఆపొచ్చు. ఇక్కడ తొందరపడి డ్రిల్ చేయిస్తే నష్టమే. ఒకసారి చెక్కేసిన ఎనామెల్ మళ్ళీ రాదు.

రెండు పళ్ళు ఆనుకున్న చోట పట్టే పిప్పి కంటికి కనిపించదు, ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. కాబట్టి ఎక్స్‌రే మానకండి. పంటి ఎక్స్‌రేలో రేడియేషన్ చాలా తక్కువ. ఆ చిత్రాన్ని మీ ఎదురుగా పెట్టించి ఇవి అడగండి: పిప్పి ఎనామెల్‌లోనే ఉందా, డెంటిన్ దాకా వెళ్ళిందా? నరానికి ఎంత దూరంలో ఉంది? కొన్నాళ్ళు ఆగితే ఏమవుతుంది? తవ్వాక నరం బయటపడితే ఏం చేస్తారు, అప్పుడు ఎంతవుతుంది? చివరి ప్రశ్న ముందే వేసినవాళ్ళకి కుర్చీలో నోరు తెరిచి ఉండగా ఖర్చు పెరిగిందన్న మాట వినాల్సిన బాధ తప్పుతుంది. ఎక్స్‌రేని ఫోనులోకి తీసుకోండి. ఇల్లో ఊరో మారినప్పుడు పనికొస్తుంది.

మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి. షుగర్, బీపీ, గుండె కవాటాల జబ్బు, మందుల అలర్జీ, గర్భం ఏదీ దాచకండి. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్ళు వాటిని సొంతంగా ఆపకూడదు. గర్భిణులకి నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కుర్చీలో కూర్చోవడం సుఖంగా ఉంటుంది. నొప్పి ఉంటే మాత్రం ఏ నెలైనా వెళ్ళాల్సిందే.

5. ఏ పదార్థంతో నింపించుకోవాలి

పాతకాలపు వెండి రంగు ఫిల్లింగ్ పేరు అమాల్గం. దాని బరువులో దాదాపు సగం పాదరసం. గట్టిది, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పర్యావరణంలోకి పాదరసం చేరకుండా చూడటానికి 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం తర్వాత దీని వాడకం దేశదేశాల్లో తగ్గుతోంది. మీ అమ్మగారికి ఎప్పుడో చేసిన వెండి ఫిల్లింగ్ చెక్కుచెదరకుండా ఉంటే భయపడి తీయించకండి. తీసేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా వస్తుంది.

కాంపోజిట్ అంటే పంటి రంగు రెసిన్. పంటికి అతుక్కుంటుంది కాబట్టి మంచి పన్నుని తక్కువ చెక్కితే చాలు. పెద్దవాళ్ళకి ముందు పళ్ళకైనా, దవడ పళ్ళకైనా ఇప్పుడు ఎక్కువగా దీన్నే వేస్తున్నారు. దీని బలమంతా అతుకులోనే ఉంది, అతికేటప్పుడు ఉమ్ము తగిలితే ఆ అతుకు చెడుతుంది. పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పల్చటి రబ్బరు గుడ్డ కట్టి చేసే డాక్టరు దొరికితే వదులుకోకండి. రంగు సరిపోయిందని మురిసిపోవడం కంటే ఇది ముఖ్యం.

గ్లాస్ అయనమర్, క్లినిక్కుల్లో జీఐసీ అంటారు, ఫ్లోరైడ్‌ని కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది, కాస్త తడి ఉన్నా అతుక్కుంటుంది. అరుగుదల ఎక్కువ. పాలపళ్ళకి, పంటి వేళ్ళ దగ్గరి పిప్పికి బాగుంటుంది. నమిలే దవడ పన్నులో పెద్ద గుంటకి దీన్నొక్కదాన్నే శాశ్వతంగా వేస్తామంటే ఎందుకో అడగండి.

గుంట మరీ పెద్దదై పన్ను గోడలు పల్చబడితే ఏ ఫిల్లింగూ ఎక్కువ కాలం ఆగదు. అప్పుడు పంటి పైభాగాన్ని కప్పే ఆన్‌లే గానీ క్యాప్ గానీ వేయించుకోవాలి.

6. కుర్చీలో ఏం జరుగుతుంది

ఇంజెక్షన్‌కి భయపడి ఏళ్ళు వాయిదా వేసేవాళ్ళని చూశాను. ఆ మాట సిగ్గుపడకుండా ముందే చెప్పండి, పైన మొద్దుబారే జెల్ రాసి మెల్లగా చేస్తారు. ఇచ్చేది లిగ్నోకెయిన్, అందులో కొద్దిగా అడ్రినలిన్ ఉంటుంది. కాసేపు గుండె దడగా అనిపిస్తే అందువల్లే. పైపైన ఉన్న పిప్పికి చాలాసార్లు ఇంజెక్షన్ లేకుండానే అయిపోతుంది.

పాడైన భాగం తీసేశాక 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్‌ని కొద్ది సెకన్లు ఉంచి కడుగుతారు. దీంతో ఎనామెల్ గరుకై అతుకు పట్టుకుంటుంది. బాండింగ్ అనే జిగురు రాసి, కాంపోజిట్‌ని 2 మిల్లీమీటర్ల మందం పొరలుగా పెడుతూ ఒక్కో పొరనీ నీలి కాంతితో గట్టిపరుస్తారు. చెయ్యి ఎత్తితే ఆపాలని డాక్టరుతో ముందే అనుకోండి. ఆ భరోసా ఉంటే సగం భయం పోతుంది.

చివర్లో రంగు కాగితం కొరికించి ఎత్తు సరిచూస్తారు. "ఓకేనా" అనగానే లేచిపోవాలన్న తొందరలో తల ఊపకండి. రెండు మూడుసార్లు మూసి తెరిచి, దవడని పక్కలకి కదిపి, ఆ పన్ను మిగతావాటికంటే ముందే తగులుతోందా అన్నది చూసుకోండి.

7. తర్వాతి రెండు వారాలు

కాంపోజిట్ కుర్చీలోనే గట్టిపడుతుంది. అయినా మొద్దుబారడం తగ్గేదాకా, అంటే రెండు మూడు గంటలు, ఏమీ నమలకండి. పిల్లలైతే తిమ్మిరెక్కిన పెదవిని తెలియకుండా కొరికేసి పుండు చేసుకుంటారు, పక్కనే ఉండి చూడాలి. జీఐసీ, అమాల్గం అయితే ఒకరోజు ఆ వైపు గట్టివి వద్దు.

కొన్నాళ్ళు చల్లటివాటికి జివ్వుమనడం మామూలే, రోజురోజుకీ తగ్గుతూ రావాలి. తగ్గకపోయినా, పెరిగినా, వేడికి సలపడం మొదలైనా ఫోన్ చేయండి. మర్నాడు కొరికితే ఆ పన్నే ముందు తగులుతోందా? ఫిల్లింగ్ ఎత్తుగా ఉన్నట్టు. మొద్దుబారి ఉన్నప్పుడు తెలియకపోవడం సహజం. మళ్ళీ వెళ్తే ఐదు నిమిషాల్లో అరగదీస్తారు. అలవాటైపోతుందిలే అనుకుని వదిలేసిన మా పక్కింటావిడకి ఆ పన్ను నెల తిరిగేసరికి ముట్టుకోనివ్వలేదు.

ఫిల్లింగ్ ఉన్న పన్నుతో ఆవకాయ టెంక కొరకొద్దు. ఇది చిన్న విషయంగా తీసేయకండి. మన ఇళ్ళల్లో పళ్ళు విరిగేది టెంకతోనూ, మూలుగ బొమికతోనూ, నిప్పట్టు లాంటి గట్టి చెక్కలతోనే. పల్లీ చిక్కీ అటు గట్టిది, ఇటు అతుక్కునేది కూడా.

8. రోజూ ఇంట్లో

ఫిల్లింగ్ పిప్పిని ఆపదు. పోయిన చోటుని నింపుతుంది, అంతే. అదే తిండి, అదే తోముడు అయితే ఫిల్లింగ్ అంచు దగ్గరే మళ్ళీ పిప్పి పడుతుంది.

రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు, మెత్తటి బ్రష్. రెంటిలో రాత్రిది ముఖ్యం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి తోమాక మంచినీళ్ళు తప్ప ఏదీ తీసుకోకండి. పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉందో లేదో ట్యూబు మీద చూడండి. నురగ ఉమ్మేసి, నీళ్ళు పోసి కడిగేయకుండా ఊరుకోండి. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది గానీ ఫ్లోరైడ్ పంటి మీద నిలిచేది అలాగే. నిమ్మరసం, మజ్జిగ పులుసు లాంటి పుల్లటివి తీసుకున్నాక అరగంట ఆగి తోమండి.

నల్గొండ, ప్రకాశం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఫ్లోరైడ్ పేరు వింటేనే భయపడతారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. బోరునీళ్ళలో అది లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ళకీ, ఇంకా ఎక్కువైతే ఎముకలకీ ఏం చేస్తుందో తరాలుగా చూశారు. అయితే పళ్ళ మీద మచ్చలు పడేది చిన్నతనంలో, పన్ను లోపల తయారవుతున్న కాలంలో, మింగిన ఫ్లోరైడ్ వల్ల. పెద్దవాళ్ళు తోమి ఉమ్మేసే పేస్టు వల్ల ఆ ప్రమాదం లేదు. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత పేస్టు పెట్టి, ఉమ్మించండి.

వేపపుల్ల బాగా నమిలి కుంచెలా చేసి మెత్తగా రుద్దితే పాచి పోతుంది, కానీ అందులో ఫ్లోరైడ్ లేదు, పళ్ళ సందుల్లోకి వెళ్ళదు. బొగ్గు పొడి, ఇటుక పొడి, గరుకు ఉప్పు ఎనామెల్‌ని అరగదీస్తాయి. బొగ్గుని కొత్త ప్యాకెట్లో పెట్టి అమ్మినా గుణం మారదు. సందుల కోసం ఫ్లాస్ గానీ, ఖాళీ ఎక్కువగా ఉంటే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ గానీ వాడండి. పిన్నీసు, అగ్గిపుల్ల వద్దు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయని మన పెద్దవాళ్ళు అంటారు. గార పేరుకుని చిగురు, ఎముక అప్పటికే దిగిపోయి ఉంటే, గార పోయాక ఆ వదులు బయటపడుతుంది. వదులు చేసింది గారే.

9. పిల్లలకి, పెద్దవాళ్ళకి

పాలపళ్ళు ఎలాగూ ఊడేవే అని వదలకండి. దవడ పాలపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉంటాయి, కింద వచ్చే పన్నుకి చోటు అట్టేపెడతాయి. ఆరేళ్ళకి వాటి వెనక వచ్చే దవడ పన్ను శాశ్వతమైనది, చాలామంది తల్లిదండ్రులు అదీ పాలపన్నే అనుకుంటారు. దాని గీతల్లో సీలెంట్, అంటే వాటిని మూసేసే పల్చటి పూత, వేయిస్తే పిప్పి బెడద బాగా తగ్గుతుంది. కుర్చీలో కుదురుగా కూర్చోలేని పసివాళ్ళకి సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ రాసి పిప్పిని ఆపే పద్ధతి ఉంది. ఆ చోటు నల్లబడుతుందని ముందే తెలుసుకుని ఒప్పుకోండి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు మాన్పించండి.

పెద్దవాళ్ళకి చిగుళ్ళు దిగి వేళ్ళు బయటపడతాయి, బీపీ మాత్రల్లాంటి వాటివల్ల నోరు ఎండిపోతుంది, పిప్పి వేరు దగ్గర పడుతుంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది. ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు కంటి పరీక్షతో పాటు పళ్ళూ చూపించండి. మొదటి వారమే తీసుకెళ్ళండి, రెండో విడత రమ్మన్నా తిరుగు టికెట్ లోపు పని పూర్తవుతుంది.

10. ఊడినా, వాచినా

ఫిల్లింగ్ ఊడితే ఫెవిక్విక్ లాంటివి పెట్టకండి. గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో పుక్కిలించి, రెండో వైపు నమలుతూ, కొద్ది రోజుల్లోపే వెళ్ళండి. నొప్పి లేదు కదా అని ఆగితే డెంటిన్ తెరుచుకుని ఉంటుంది. పాత ఫిల్లింగ్ అంచు గోటికి తగులుతున్నా, ఫ్లాస్ చిరుగుతున్నా, ఒకేచోట అన్నం ఇరుక్కుంటున్నా డాక్టరుకి చెప్పండి. ఏమీ లేకపోయినా ఆరు నెలలకోసారి చూపించుకోండి. పిప్పి అంతగా పట్టని నోరయితే ఎంత వ్యవధి చాలో డాక్టరే చెబుతారు.

దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, నాలుక కింద గట్టిపడినా అది క్లినిక్ తెరిచేదాకా ఆగే విషయం కాదు. ఆ ఇన్ఫెక్షన్ మెడలోకి దిగి ఊపిరికి అడ్డం పడగలదు. రాత్రి రెండైనా సరే, ఎమర్జెన్సీ విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్ళి పంటి నుంచి మొదలైందని చెప్పండి.